గోడ కనిపించినంత మేర

పాలవ్యాను కదిలేదాకా సున్నాలక్క గడప దాటలేదు. రోజూ ఇదే వరస. ఆరుంపావుకల్లా వ్యాను వచ్చి వీధి చివరి పెద్ద గోడకు ఆనుకుని ఆగుతుంది. ఆ గోడకు అడుగున, కుడిమూల, వానగొట్టం పక్కన ఆమె బొమ్మ ఉంది. వ్యాను అడ్డం వస్తే బొమ్మ కనబడదు, బొమ్మ కనబడకపోతే కాలు గడప దాటదు. కాబట్టి ఆమె బక్కెట్టూ కుంచెలూ పక్కన పెట్టుకుని గడప మీద కూర్చుని, డ్రైవరు డబ్బాలు దించడం చూస్తూ ఉంటుంది.

"ఇంకా ఎన్నున్నాయి నాయనా?"

"పన్నెండు. తొందరపెట్టకక్కా, పాలు విరుగుతాయి."

"నీ నడకకి విరగడం దాకా ఎందుకు, ఈపాటికి తోడుకునే ఉంటాయి."

ఆ వేళకి గోడ మీద బొమ్మ ఉన్నవాళ్ళందరూ చేసే పని ఒకటే. గుమ్మంలోకి వచ్చి ముఖం కడుక్కుంటూ గోడకేసి చూసుకోవడం. మంచుందా, దుమ్ముందా, తన బొమ్మ ఇవాళ ఎంత దూరం కంటికి ఆనుతుంది అని. నాలుగో అంతస్తు ఎత్తున, చూరు కింద ఉన్న బస్సు కండక్టరుకి వంతెన మొదలు దాకా తన ముఖం కనిపిస్తుంది. అందుకని ఆయన దూరం రూటు వదులుకుని వంతెన దాకా తిరిగే చిన్నబస్సు అడిగి వేయించుకున్నాడు. మంచు దట్టంగా పడితే ఆయనకి సెలవు, డిపోవాళ్ళు కూడా ఎందుకని అడగరు. రెండో అంతస్తు ఎత్తున ఉన్న దర్జీకి బజారు దాకా. అడుగు వరసలో ఉన్న సున్నాలక్కకి పిండిమర మూల దాకా. లెక్కకి ఇరవయ్యారు ఇళ్ళు.

రెండేళ్ళ కిందట ఆ గోడకి ఏ బొమ్మా లేదు. మూతపడ్డ నూలుమిల్లుది, కిటికీ కూడా లేని నాలుగంతస్తుల గోడ. వీధి దాని కింద పడి ఊపిరాడనట్టు ఉండేది. పొంగే మురుగు, పగిలిన దీపాలు, వారానికి రెండుసార్లు నీళ్ళు. కూల్చెయ్యాల్సిన వీధుల జాబితాలో దీని పేరు మూడోది. అప్పుడు వీధి సంఘం కార్యదర్శి, పింఛను తీసుకుంటున్న గుమాస్తా, అర్జీ మీద అర్జీ పెట్టి ఆ గోడ మీద బొమ్మలకి అనుమతి తెచ్చాడు. అరవై ముగ్గురు వీధివాళ్ళు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ. బొమ్మలు పూర్తయిన నెలకి చూడవచ్చేవాళ్ళు మొదలయ్యారు. దీపాలు వెలిగాయి. నీళ్ళు రోజూ వచ్చాయి. మూసేసిన బడి తెరిచారు. జాబితాలోంచి వీధి పేరు కొట్టేశారు.

వీధికి ప్రాణం వచ్చింది, బొమ్మ ఉన్నవాళ్ళకి కట్టు పడింది. సొంత గడప లోపల ఎవరి ఇష్టం వాళ్ళది. గడప దాటితే మాత్రం బొమ్మ కనిపించినంత మేరే. దీన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. "జీతం ఉన్నచోట హాజరుపట్టీ ఉండదా?" అన్నాడు కార్యదర్శి. ఆయన మాత్రం బొమ్మ వేయించుకోలేదు. పెద్దరికం ఉన్నవాడు గోడెక్కకూడదట. దాన్ని వినయం అన్నవాళ్ళున్నారు, ముందుచూపు అన్నవాళ్ళూ ఉన్నారు.

సున్నాలక్క బొమ్మ కోసం ఎగబడిన మనిషి కాదు. గోడని సిద్ధం చేసింది ఆమె. నలభై రోజులు పరంజా మీద నిలబడి పాత పెచ్చులు గీకింది, బీటలకి లప్పం పట్టించింది, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దింది, రెండు పూతలు వేసింది. మొదటి పూత ఆరందే రెండో పూత వెయ్యదు. ప్రారంభోత్సవం తేదీ దగ్గరపడిందని కార్యదర్శి కాలుగాలిన పిల్లిలా తిరిగినా వెయ్యలేదు. "గోడకి తేదీలు తెలియవు సార్," అంది. బొమ్మలతను ఆ గోడ మీద చెయ్యి వేసి, పన్నెండేళ్ళలో ఇలాంటి గోడ చూడలేదన్నాడు. చివరి రోజున, బొమ్మలు దింపడానికి గోడ మీద గీసుకున్న గళ్ళలో కుడిమూల అడుగున ఆరు మిగిలిపోతే, "నువ్వు నిలబడక్కా," అన్నాడు. అద్దంలో రెండోసారి చూసుకోని మనిషి ఆ రోజు సబ్బుతో ముఖం కడుక్కుంది, ఉతికిన బట్టలు కట్టుకుంది, కుంచె చేత్తో పట్టుకుని గంటసేపు నిలబడింది. పని చేసినవాడికి పని చేశానన్న తృప్తి చాలు. అది చాలదనుకున్నది బతుకులో ఆ ఒక్క గంటే.

మిగతా వీధుల గోడల మీద బొమ్మలు మూడు వానలకి పెచ్చులూడాయి. ఈ గోడ నిన్న వేసినట్టే ఉంది. చేసిన పని అంత గట్టిది. ఇరవయ్యారు ఇళ్ళకీ ఆమె రెండేసి సార్లు సున్నం వేసింది, అదీ ఆ గోడ కనిపించే కిటికీ ఉన్న గదులకే. మిగతా గదులవాళ్ళు వేరే మనిషిని పిలుచుకున్నారు. ఆ మనిషి తడి మీదే వేసి పోయేవాడు. గుమ్మంలో నిలబడి అది చూడలేక ఆమె ముఖం తిప్పుకునేది.

ఒక మధ్యాహ్నం అక్క కూతురు ఫోను చేసింది.

"పిన్నీ, అమ్మని ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశారు."

సున్నాలక్క కుంచె బక్కెట్టు మీద అడ్డం పెట్టింది. అక్కతో మాటలు లేక పదకొండేళ్ళు.

"ఏమన్నారు?"

"ఊపిరితిత్తుల నిండా దుమ్మేనట. ఎన్నాళ్ళో చెప్పలేమన్నారు. నిన్ను చూడాలంటోంది."

"ఫోను ఇవ్వు తనకి."

"ఇచ్చాను. తోసేసింది. అనాల్సింది ఎదురుగా కూర్చోబెట్టి అంటుందట."

"ఇక్కడికి తీసుకురాలేవూ?"

"లేపి కూర్చోబెడితేనే గుక్క తిరగట్లేదు పిన్నీ."

అక్క ఉండేది వంతెన అవతల, నీళ్ళ పంపుహౌసు వెనక సందులో. నడిస్తే ముప్పావుగంట. సున్నాలక్కకి కుంచె పట్టడం నేర్పింది ఆ అక్కే. పదకొండేళ్ళ కిందట ఒక పెద్దింటికి ఇద్దరూ కలిసి పని ఒప్పుకున్నారు. ఒక రోజు చెల్లెలు లేని వేళ అక్క తడి ఆరకుండానే రెండో పూత వేసి వెళ్ళిపోయింది. నెల తిరక్కముందే గోడ పొరలు పొరలుగా లేచింది. ఇంటాయన ఇద్దర్నీ నిలబెట్టి ఎవరి పని అని అడిగాడు. అడిగాడు కాబట్టి చెల్లెలు చెప్పింది: "తడి మీద వేసింది మా అక్క." ఆ మాట ఊరంతా పాకింది. అక్కని పనికి పిలిచేవాళ్ళు లేకపోయారు. పిల్లని తీసుకుని వంతెన దాటిపోయింది. చెల్లెలు మాత్రం, అడిగితే నిజం చెప్పక ఏం చెయ్యను అనుకుంది. పదకొండేళ్ళూ అదే అనుకుంటూ నిద్రపోయింది.

ఆ సాయంత్రమే కార్యదర్శి ఇంటికి వెళ్ళింది. అదృష్టానికి ఆయన వరండా గోడకి ఎదురుగానే ఉంటుంది.

"నా బొమ్మ చెరిపించండి సార్. ఆరు గళ్ళేగా."

"చూడమ్మా, ఆరు గళ్ళే. నిన్ను చెరిపితే రేపు దర్జీ వస్తాడు. ఎల్లుండి కండక్టరు. అప్పుడు గోడ మీద మిగిలేదెవరు, వానగొట్టం. జాబితాలో మన పేరు మళ్ళీ రాసుకోడానికి వాళ్ళకి ఎంతసేపు?"

"మా అక్క పోతోంది సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డమనిషి కాదు. "ఈ వీధిలో మూడొందల గడపలున్నాయమ్మా," అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే, వ్యాను రాకముందు, ఆమె కుంచె ముంచుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. ఒక్క పూత చాలు. బొమ్మ ఆమె కంటే రెండింతలు పొడుగు, చేతిలో కుంచె కూడా రెండింతలు. పైకి చూస్తే అరవై రెండు ముఖాలు. కింద బడికి పోయే పిల్లల కోసం కొత్తగా వేసిన కాలిబాట. చెరపడానికి తనకేం హక్కుంది? బొమ్మ తనదే, గోడ అందరిదీ. కుంచెలోంచి సున్నం మోచేతి దాకా కారింది గానీ చెయ్యి లేవలేదు.

బస్సు తీయడానికి వచ్చిన కండక్టరు అది చూశాడు.

"ఏంటక్కా, నీకు నువ్వే సున్నం పెట్టుకుంటున్నావా?"

ఆమె సంగతి చెప్పింది. ఆయన టిక్కెట్ల సంచీ భుజం మార్చుకుని కాసేపు ఆలోచించాడు.

"చెరపడం ఎందుకు? బస్సు ఒక్క పరుగున ఊరు దాటుతుందా, స్టాపులుండవూ? నీ బొమ్మకీ స్టాపులు పెట్టుకో. ఇక్కణ్ణుంచి కనిపించే గోడ మీద ఒకటి, దాన్నుంచి కనిపించేచోట ఇంకోటి."

"బొమ్మలతను ఒప్పుకోవద్దూ?"

"ఆ గోడ చూసి నీకు దండం పెట్టినవాడు, రెండు ముఖాలు వెయ్యడా? పిలువు."

బొమ్మలతను వచ్చాడు. పాత గళ్ళకాయితం సంచీలో అలాగే ఉంది. అక్క ఇంటి దాకా ఎన్ని కావాలో కాలినడకన తిరిగి చూసి, మూడు గోడలని తేల్చాడు. గోడకి నాలుగు రోజులు. గీకడం, లప్పం, పూత, ఆరుదల, మళ్ళీ పూత, మళ్ళీ ఆరుదల. పన్నెండు రోజులు. సున్నాలక్క వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తగ్గించమని అడగలేదు.

మొదటి గోడ పిండిమర మూలలోనే, ఆమె కాలు పడే ఆఖరి చోట ఉన్న ఇనుప సామాను గోదాముది. దాని యజమాని మీసం దువ్వుకుంటూ అన్నాడు: "నా గోడ మీద నీ బొమ్మెందుకమ్మా? వేస్తే నాదే వెయ్యాలి."

"వేయిస్తానండీ. మీ ఇల్లెక్కడ?"

"గుట్ట వెనక."

"అక్కణ్ణుంచి ఈ గోడ కనిపిస్తుందా?"

ఆయన మీసం వదిలేశాడు. "నీదే వేయించుకో తల్లీ," అన్నాడు.

నాలుగు రోజులు పట్టింది. రోజూ ఫోను చేస్తే అక్క కూతురు, "అలాగే ఉంది," అనేది. ఐదో రోజు ఆమె పిండిమర మూల దాటింది. రెండేళ్ళలో మొదటిసారి. అటువైపు ఒక సైకిలు కొట్టు కొత్తగా వెలిసింది, ఒక చెట్టు కొట్టేశారు. ఆమెకి ఏదీ చూడాలనిపించలేదు. బక్కెట్టు పట్టుకుని, బొమ్మకేసి చూసుకుంటూ, వెనకడుగులు వేస్తూ నడిచింది. సగం దూరం పోయాక ముందుకు తిరిగి నడవచ్చని తోచింది గానీ, ధైర్యం చాలలేదు.

రెండో గోడ వంతెన మొదట్లో ఉండే సుంకం గది. అది ఎవరిదో ఎవరికీ తెలియదు కాబట్టి అడగాల్సిన పని లేకపోయింది. అదీ నాలుగు రోజులు. చివరి రోజు వాన మొదలైంది. చూరు లోతుగా ఉండబట్టి బొమ్మ తడవలేదు. తొమ్మిదో రోజు పొద్దున ఆమె వానలో తడుస్తూ వంతెన దాటింది. కింద నది ఎర్రగా పోతోంది. సందు మొగ దాటి, సుంకం గది బొమ్మ కనిపించే ఆఖరి చోట, మూడో గోడ ముందు నిలబడింది.

అది పంపుహౌసు వెనక గోడ. చూరు లేదు. లోపల గొట్టాలు కారి, బయట వాన కురిసి, ఉబ్బిన రొట్టెలా ఉంది. ఆమె అరచెయ్యి ఆనించి తీసింది. చేతికి నీళ్ళు వచ్చాయి. అక్కణ్ణుంచి అక్క ఇల్లు కనిపిస్తోంది. ఎనిమిదో గడప, నీలం తలుపు. మధ్యలో అడ్డం ఏమీ లేదు, ఆమె కాళ్ళు తప్ప. ఒక అడుగు వేసి చూసింది. రెండో అడుగు పడలేదు.

బొమ్మలతను గొడుగు కింద తల ఊపాడు. "వాన ఆగాక మూడు రోజులు ఎండ కాయాలక్కా. అప్పుడు పూత. నీకు నేను చెప్పేదేముంది."

అప్పుడే నీలం తలుపు తెరుచుకుని అక్క కూతురు పరుగెత్తుకొచ్చింది. "పిన్నీ, పొద్దుట్నుంచి గుక్క అందట్లేదు. కళ్ళు తేలేస్తోంది. మంచం గుమ్మంలోకి లాగాను, నువ్వు వస్తే గోడ కనిపించేలా."

సున్నాలక్క ఆ పిల్ల ముఖం చూసింది. గోడ చూసింది. బక్కెట్టు మూత తీసింది.

"గొడుగు గోడకి పట్టు తమ్ముడూ."

"ఏం చేస్తున్నావు?"

"పూత."

"తడి మీదా? నువ్వా?"

"మాట్లాడకు. నువ్వు రంగు కలుపు."

కుంచె జారిపోయింది. పూత పట్టదు, పడుతున్నట్టు నటిస్తుంది, కింది నుంచి నీళ్ళు దాన్ని తోసేస్తుంటాయి. అది పని కాదు, పని వేషం. ముప్పై ఐదేళ్ళలో ఆ చెయ్యి అలాంటి పూత వెయ్యలేదు. ఆమె పళ్ళు బిగబట్టి వేసింది. అది ఆరకముందే బొమ్మలతను గళ్ళు గీశాడు, గళ్ళు చెదిరిపోతుంటే అంచనా మీద ముఖం దింపాడు, ముఖం కింద చెయ్యి, చేతిలో కుంచె. మధ్యాహ్నానికి బొమ్మ నిలబడింది. ఏడుస్తున్నట్టు కారుతోంది గానీ ఆమేనని తెలుస్తోంది. సున్నాలక్క రెండో అడుగు వేసింది. పడింది.

అక్క గుమ్మంలో మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. మనిషి సగమైంది. చెల్లెలు మంచం పట్టె మీద, గోడ కనిపించేలా కూర్చుంది.

"వచ్చావా?" అంది అక్క. "గోడ మీద మహారాణివటగా. ఇంత దూరం ఎలా దిగొచ్చావు?"

"మధ్యలో మూడు గోడలకి బొమ్మలేయించాను."

"చివరిది పంపుహౌసుదేనా? అది ఎప్పుడూ ఆరదే."

"ఆరలేదు. తడి మీదే వేశాను."

అక్క కళ్ళు పూర్తిగా తెరిచింది. "ఎన్ని పూతలు?"

"ఒకటి. అదీ నిలబడదు."

అక్క నవ్వబోయింది. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గడానికి రెండు గుక్కల నీళ్ళు పట్టాయి. "ఎవరు వేశారని ఎవరైనా అడిగితే?"

"నేనే వేశానని చెప్తాను."

"చెప్తావులే. చెప్పడంలో నీకు సాటి లేదు."

సున్నాలక్క తల దించుకుంది. "ఆ రోజు నేను అన్నది నిజమే కదక్కా."

"నిజం కాదని నేనెప్పుడన్నానే? తడి మీద వేసింది నేనే. ఎందుకు వేశానో అడిగావా నువ్వు?"

"లేదు."

"ఆ పూట దీనికి ఒళ్ళు కాలిపోతోందని బడి నుంచి కబురొచ్చింది. ఆరేదాకా కూర్చోమంటావా? ఇంటాయన అడగలేదు, పరాయివాడు. నువ్వెందుకు అడగలేదు?"

మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడ్డ అక్క కూతురు లోపలికి వెళ్ళిపోయింది. నిజం చెప్పిన మనిషి తప్పు చేసి ఉండదని పదకొండేళ్ళు నమ్మింది సున్నాలక్క. చెప్పాల్సిన నిజం చెప్పడం సగం పనే. అడగాల్సింది అడగడం మిగతా సగం. ఆ సగం ఎగ్గొట్టి పూర్తి కూలి తీసుకుంది.

"ఇప్పుడు అడుగుతున్నానక్కా," అంది.

"ఇప్పుడు నేను చెప్పేశాను," అంది అక్క. చెయ్యి చాచి చెల్లెలి మోచేతి మీద ఎండిన సున్నాన్ని గోటితో గీకింది. "తలగడ ఎత్తు చెయ్యి. పడుకుంటే ఆడట్లేదు."

ఆ సాయంత్రం వాన పెద్దదైంది. అందరూ చూస్తుండగానే బొమ్మ జారింది. ముందు జుట్టు, తర్వాత ముఖం, తర్వాత భుజం, పొర పొరగా మురుగులోకి పోయింది. కుంచె పట్టుకున్న చెయ్యి ఒక్కటి, మోచేతి నుంచి కిందికి, ఎలాగో మిగిలింది. చెయ్యంత బొమ్మ ఎంత దూరం కనిపిస్తుంది? పది గడపలు. కుళాయి, చిన్న కొట్టు, నీలం తలుపు. సందు మొగ దాకా పోతే అది ఆనదు, వరదకని వంతెన కొసన పేర్చిన ఇసకబస్తాలు అడ్డమొచ్చి సుంకం గది బొమ్మ ఇక కనబడదు. వెనక్కి దారి తెగిపోయింది. ఇరవయ్యారు ఇళ్ళ మనిషి పది ఇళ్ళ మనిషి అయింది.

ఆస్పత్రివాళ్ళ లెక్క తప్పింది. అక్క ఆ వారం పోలేదు, ఆ నెలా పోలేదు. కూతురు పనికి వెళ్తే చెల్లెలు నీళ్ళు పట్టేది, తలగడ ఎత్తు చేసేది, తిట్లు తినేది. మంచం గుమ్మంలోనే ఉంది. పది గడపలకీ సున్నం వేసింది. అక్క మంచం మీంచే, "ఆ మూల వదిలేశావు," అని అరిచేది. నిజంగానే వదిలేసి ఉండేది.

వానలు పోయి ఎండలు ముదిరాక కార్యదర్శి బొమ్మలతన్ని వెంటబెట్టుకుని చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"గోడకి మూడేళ్ళు నిండిన వేడుక పెడుతున్నామమ్మా. పెద్దవాళ్ళొస్తున్నారు. బొమ్మ పక్కన మనిషి నిలబడాలి. నువ్వు లేక ఆ మూల బోసిగా ఉంది. ఇతన్ని తెచ్చాను. ఈ గోడ మీద మళ్ళీ నిండుగా వేయిద్దాం. సాయంత్రానికల్లా నీ ఇంట్లో ఉంటావు."

సున్నాలక్క కుళాయి దగ్గర బిందె దించి పంపుహౌసు గోడ దగ్గరికి నడిచింది. మునిసిపాలిటీవాళ్ళు గొట్టాలు మార్చి రెండు నెలలైంది. గోడ తెల్లగా, పెళుసుగా, పెనంలా కాలుతోంది. ఆమె అరచెయ్యి ఆనించింది. తియ్యకుండా అలాగే ఉంచింది.

"ఆరలేదు సార్," అంది.

గోడ విషయంలో ఆమె మాటకి తిరుగులేదని కార్యదర్శికి తెలుసు. చెయ్యి వేసి చూడాలని కూడా ఆయనకి తోచలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "తడి," అని రాసుకున్నాడు. "మరి ఎప్పటికి?"

"చెప్పలేం సార్."

ఆయన గొడుగు విప్పుకుని సందు మొగకేసి నడిచాడు. అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ బొమ్మలతను పక్కకి జరిగాడు. చొక్కా వీపంతా తెల్లటి పొడి. దులుపుకుంటూ ఆమెకేసి ఒకసారి చూసి, ఏమీ అనకుండా ఆయన వెనక వెళ్ళాడు.

"ఎవరే వచ్చింది?" గుమ్మంలోంచి అక్క కేకేసింది.

"మా వీధివాళ్ళు. గోడ ఆరిందా అని అడగడానికి."

"ఏం చెప్పావు?"

"ఆరలేదన్నాను."

అక్క మంచం మీద కాస్త లేచి, సందు నిండా కాస్తున్న ఎండకేసి కళ్ళు చికిలించి చూసింది. గోడకేసి చూసింది. మళ్ళీ పడుకుంది.

"ఆరదులే," అంది. "అది తొందరగా ఆరే గోడ కాదు."